ట్రై చేసినవాళ్లకే మళ్లీ బంతా?

2023 జూన్ 22న ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో రెండు రాష్ట్రాల మధ్య జరిగే మహిళల స్టేట్ ఆఫ్ ఆరిజిన్ రగ్బీ లీగ్ సిరీస్ రెండో మ్యాచ్ జరిగింది. న్యూ సౌత్ వేల్స్ జట్టు 18-14తో క్వీన్స్‌లాండ్‌ను ఓడించింది. ట్రోఫీని మాత్రం ఓడిన జట్టే అందుకుంది. మూడు వారాల ముందు సిడ్నీ శివార్లలోని పారమట్టాలో జరిగిన తొలి మ్యాచ్‌లో క్వీన్స్‌లాండ్ 18-10తో గెలిచి ఉండటమే అందుకు కారణం. చెరొకటి గెలిస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు నిర్వాహకులు ముందే జవాబు రాసి పెట్టుకున్నారు. రెండు మ్యాచ్‌ల పాయింట్లూ కూడాలి. కూడితే 32-28. పురుషుల సిరీస్ 1982 నుంచీ మూడు మ్యాచ్‌లదే కాబట్టి వాళ్లకు ఈ కూడికతో పని పడలేదు. క్రీడాకారిణులు మైదానంలో ఎంత శ్రమించినా, ఫలితంలో కొంత వాటా కాగితం మీద ముందే తేలిపోతుందని ఆ రాత్రి అందరికీ తెలిసొచ్చింది. రగ్బీ లీగ్‌లో అలాంటి కాగితపు నిర్ణయం ఇంకొకటుంది. అది ప్రతి మ్యాచ్‌లోనూ పలుమార్లు అమలవుతుంది, అయినా నూరేళ్లకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు. ఒక జట్టు పాయింట్లు సాధించాక ఆట మళ్లీ మొదలైనప్పుడు బంతి ఎవరికి దక్కాలన్నదే ఆ నిర్ణయం.

ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు. దానికి నాలుగు పాయింట్లు. ఆ వెంటనే తన్నే గోల్ కిక్ సఫలమైతే ఇంకో రెండు. తర్వాత పాయింట్లు ఇచ్చుకున్న జట్టు మైదానం మధ్యగీత నుంచి బంతిని తన్నుతుంది (దీన్నే కిక్ ఆఫ్ అంటారు), స్కోరు చేసిన జట్టు దాన్ని అందుకుని మళ్లీ దాడికి దిగుతుంది. అంటే ట్రై చేసినవాళ్లకే వెంటనే ఇంకో అవకాశం. 2025 చివర్లో ఆస్ట్రేలియా నేషనల్ రగ్బీ లీగ్ (ఎన్‌ఆర్‌ఎల్) ఈ పద్ధతిని కదిపే ప్రతిపాదనను క్లబ్బుల ముందుంచింది. తన్నాలా, అందుకోవాలా అన్నది పాయింట్లు ఇచ్చుకున్న జట్టే ఎంచుకోవాలన్నది దాని సారాంశం. మహిళల ఆట వేగంగా ఎదుగుతున్న కాలంలో వచ్చిన ప్రతిపాదన కాబట్టి వాదన వాళ్ల దాకా రాక తప్పదు. ఈ ఎంపిక హక్కు న్యాయమైనదనీ, ఆట చరిత్రే దాన్ని బలపరుస్తోందనీ నా అభిప్రాయం. అయితే ఏడాదికి మూడే జరిగే మహిళల రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లను ఆ ప్రయోగానికి వేదిక చేయడం తగదు. ఈ రెండు మాటలూ ఒకే తర్కం నుంచి ఎలా వస్తాయో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కూలి తగాదాతో పుట్టిన ఆట

రగ్బీ లీగ్ పుట్టుకే ఒక నియమం మీద తగాదా. ఉత్తర ఇంగ్లాండ్‌లో బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం మ్యాచ్‌కు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బు చెల్లించడానికి లేదని రగ్బీ పెద్దలు పట్టుబట్టారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. టికెట్టు కొన్న జనం వస్తేనే ఆ కుంపటి నిలుస్తుంది. అందుకే జనానికి ఏది నచ్చుతుందో చూసి నియమాలు మార్చుకోవడం ఈ ఆటకు మొదటి నుంచీ అలవాటైంది. 1906లో జట్టును 15 మంది నుంచి 13 మందికి తగ్గించారు. కిందపడ్డ ఆటగాడి మీద గుంపుగా పడి బంతి కోసం పెనుగులాడే పద్ధతి తీసేసి, ప్లే ద బాల్ తెచ్చారు. పట్టుబడ్డ ఆటగాడు లేచి నిలబడి బంతిని నేల మీద పెట్టి పాదంతో వెనక్కి దొర్లిస్తాడు. వెనకున్న సహచరుడు దాన్ని అందుకుంటాడు. అప్పట్లో ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థికి కూడా కాలు చాపి బంతిని లాక్కునే హక్కుండేది. కాబట్టి ప్రతి పట్టు తర్వాతా బంతి చేతులు మారే అవకాశం మిగిలే ఉండేది.

పాయింట్లు ఇచ్చుకున్న జట్టు తన్నడమన్నది పాత రగ్బీ నుంచి వారసత్వంగా వచ్చింది. ఆ పాత ఆటలో అది శిక్ష ఏమీ కాదు. బంతిని ప్రత్యర్థి గోల్ గీత దగ్గరికి దూరంగా తన్నేసి, అక్కడే వాళ్లను అడ్డుకుని, గుంపు పెనుగులాటలో బంతి లాక్కోవచ్చు. ఒక రకంగా అది దెబ్బతిన్నవాళ్లకు మైదానంలో మంచి చోటు ఇవ్వడం. రగ్బీ లీగ్ మాత్రం బంతి కోసం జరిగే పోటీని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చింది. ప్లే ద బాల్ దగ్గర ఎదుటివాళ్లు కాలు చాపడం నిషేధమైంది. రెండు వైపుల ఆటగాళ్లూ తలలు దూర్చి తోసుకునే స్క్రమ్‌లో పోటీ పేరుకే మిగిలింది. వారసత్వంగా వచ్చిన కిక్ ఆఫ్ మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయింది. చుట్టూ ఉన్న ఆట మారిపోయాక నాటి సర్దుబాటు నేటి మొగ్గుగా తయారైంది. ఇప్పుడు కిక్ అందుకున్న జట్టు చేజార్చుకుంటే తప్ప ఆ బంతి కొంతసేపు వాళ్లదే.

వంతుల లెక్క

ఆ కొంతసేపు ఎంతన్నది తేల్చడానికే 60 ఏళ్లు పట్టింది. 1906 తర్వాత ఒక జట్టు బంతిని ఎన్నిసార్లు పట్టుబడ్డా తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆస్ట్రేలియాలో సెయింట్ జార్జ్ క్లబ్బు 1956 నుంచి 1966 దాకా వరుసగా 11 టైటిళ్లు గెలిచింది ఆ రోజుల్లోనే. 1967 సీజన్‌లో నాలుగు ట్యాకిళ్ల (పట్టుల) పరిమితి వచ్చింది, ఆ ఏడాదే సెయింట్ జార్జ్ వరుస కూడా తెగింది. నాలుగు మరీ హడావిడిగా ఉందని 1971లో ఆరుకు పెంచారు. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటివాళ్లకు ఇచ్చేయాలి. అందుకే అయిదో ట్యాకిల్ అయ్యాక సాధారణంగా బంతిని దూరంగా తన్ని, ప్రత్యర్థి వంతు వీలైనంత వెనక నుంచి మొదలయ్యేలా చూసుకుంటారు. ఈ ఆరు ట్యాకిళ్ల నియమం నేటి రగ్బీ లీగ్‌కు ప్రాణం. మన కబడ్డీలో ఒక జట్టు కూత అయ్యాక, అది ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నా, తర్వాతి కూత ఎదుటి జట్టుదే అయినట్టు, ఇక్కడా నీ వంతు అయింది, ఇక నా వంతు అన్నదే మూలసూత్రం. ఆ సూత్రం తప్పే చోటు ముఖ్యంగా ట్రై తర్వాత వచ్చే కిక్ ఆఫ్. తన ఆరు ట్యాకిళ్లలో ట్రై చేసిన జట్టుకు, మధ్యలో ఎదుటివాళ్ల వంతు రాకుండానే, ఇంకో ఆరు దక్కుతాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వినిపిస్తుంది. కష్టపడి స్కోరు చేసినవాళ్లకు ఆ మాత్రం బహుమతి ఉండకూడదా? ఉంది కదా, నాలుగో ఆరో పాయింట్లు. ఒకే పనికి రెండు బహుమతులు ఎందుకన్నదే ప్రశ్న. దాడి చేసే జట్టు గోల్ గీత దగ్గర చిన్న కిక్‌తో ప్రత్యర్థిని సొంత గోల్ ప్రాంతంలోనే బంధించి మళ్లీ బంతి సంపాదించుకోవడం కూడా ఈ ఆటలో ఉంది. అది ఆ క్షణంలో చూపిన నైపుణ్యానికి ప్రతిఫలం కాబట్టి దాని మీద ఎవరికీ పేచీ లేదు. ట్రై తర్వాతి ఆరు ట్యాకిళ్లకు మాత్రం వేరే నైపుణ్యమేదీ అక్కర్లేదు. మిగతా ఆటలు ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నాయి. ఫుట్‌బాల్‌లో గోల్ ఇచ్చుకున్న జట్టే బంతితో ఆట మొదలుపెడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్కోరు చేసిన జట్టే తన్ని ఎదుటివాళ్లకు బంతి అప్పగిస్తుంది. బాస్కెట్‌బాల్‌లో పూర్వం ప్రతి బాస్కెట్ తర్వాతా మధ్యలో బంతిని పైకి విసిరి ఇద్దరు ఎగిరి అందుకునేవారు. పొడవాటి ఆటగాడున్న జట్టు స్కోరు చేసి, ఎగిరి, మళ్లీ స్కోరు చేసేది. 1937లో దాన్ని తీసేసి, బాస్కెట్ ఇచ్చుకున్నవాళ్లకే బంతి ఇచ్చారు. ఆట స్వరూపం చెడిపోలేదు సరికదా, వేగం పెరిగి జనానికి మరింత దగ్గరైంది.

రగ్బీ కుటుంబంలోనే దీనికి ఉదాహరణ ఉంది. ఏడుగురు ఆడే సెవెన్స్‌లో స్కోరు చేసిన జట్టే తన్నాలి. 2025లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆటతో రగ్బీ పరిచయమైన తెలుగు ప్రేక్షకులు చూసింది ఈ సెవెన్స్ పద్ధతినే. సాధారణంగా 14 నిమిషాల్లో ముగిసే మ్యాచ్‌లో ఒకే జట్టుకు వరుసగా బంతి ఇస్తూ పోతే రెండో జట్టు బంతి ముట్టకుండానే ఇంటికి పోతుందన్నది అక్కడి తర్కం. 2016 రియో ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశపెట్టిన మహిళల సెవెన్స్‌లో ఆస్ట్రేలియా 24-17తో న్యూజిలాండ్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది ఈ పద్ధతిలోనే. ఆట నిడివి తగ్గేకొద్దీ ఒక్కో వంతు విలువ పెరుగుతుందన్నదే దీని నుంచి నేర్చుకోవాల్సింది. మహిళల రగ్బీ లీగ్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో పురుషులు 80 నిమిషాలు ఆడితే మహిళలు ఆడేది 70. ఎనిమిదో వంతు తక్కువ. అదే కిక్ ఆఫ్ నియమం మహిళల మ్యాచ్‌లో ఆ మేరకు ఎక్కువ బరువు తూగుతుంది.

నూరేళ్ల నిరీక్షణ

మహిళలు ఈ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లేమీ కాదు. 1921 సెప్టెంబరు 17న సిడ్నీ అగ్రికల్చరల్ షోగ్రౌండ్‌లో మెట్రోపాలిటన్ బ్లూస్, సిడ్నీ రెడ్స్ మహిళల జట్లు తలపడితే చూడ్డానికి 20 వేల మంది దాకా వచ్చారని నాటి లెక్కలు. మ్యాగీ మలోనీ ఆ మ్యాచ్‌లో నాలుగు ట్రైలు చేసింది. అంత ఆదరణ చూశాక కూడా లీగ్ పెద్దలు మహిళల ఆటకు దన్నుగా నిలవలేదు. అదే ఏడాది డిసెంబరులో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో మహిళల ఫుట్‌బాల్‌ను నిషేధించింది. ఆ కాలపు ధోరణే అది. ఆస్ట్రేలియా మహిళలు న్యూజిలాండ్‌తో తొలి టెస్టు ఆడటానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ మహిళల మధ్య ఏటా పోటీ 1999లో మొదలైంది. 2016లో న్యూ సౌత్ వేల్స్ తొలిసారి గెలిచేదాకా ట్రోఫీ క్వీన్స్‌లాండ్ చేయి దాటలేదు. 2018లో ఆ పోటీకి స్టేట్ ఆఫ్ ఆరిజిన్ హోదా ఇచ్చి నార్త్ సిడ్నీ ఓవల్‌లో ఆడిస్తే ఏడువేల లోపు ప్రేక్షకులు వచ్చారు. 2022 దాకా ఏడాదికి ఒక్క మ్యాచే. 2023లో రెండయ్యాయి, కూడిక తంటా వచ్చింది. 2024లో మూడయ్యాక బ్రిస్బేన్‌లో జరిగిన తొలి మ్యాచ్‌కే 25 వేల మందికి పైగా వచ్చారు. సరైన వేదిక, సరైన నిడివి ఇస్తే జనం వస్తారని 1921లో తెలిసిన సంగతిని తిరిగి రుజువు చేయడానికి నూరేళ్లు దాటింది.

ఆ 2024 సిరీస్‌లోని రెండో మ్యాచ్ మన వాదనకు బాగా పనికొస్తుంది. న్యూకాసిల్‌లో కుండపోత వాన. చేతిలో బంతి నిలవక రెండు జట్లూ కలిపి 21 పాయింట్లే చేశాయి. చివర్లో క్వీన్స్‌లాండ్ క్రీడాకారిణి లారెన్ బ్రౌన్ పరుగాటలోనే బంతిని గోల్ కర్రల మధ్యకు తన్నితే వచ్చిన ఒక్క పాయింటుతో 11-10గా తేలింది. క్వీన్స్‌లాండ్ మూడో మ్యాచ్ కూడా గెలిచి సిరీస్ సొంతం చేసుకుంది. అలాంటి రాత్రి కిక్ ఆఫ్ అందుకోవడం వరమేమీ కాదు. జారే బంతిని సొంత గోల్ గీత దగ్గర పట్టుకుని ముందుకు నెట్టుకురావడం కన్నా, తన్నేసి ప్రత్యర్థి తప్పు కోసం కాచుకోవడమే మేలనుకునే కెప్టెన్ ఉండొచ్చు. ఎండ రోజున, మైదానం గట్టిగా ఉన్నప్పుడు, లెక్క తిరగబడుతుంది. పద్ధతిని ఒక్కసారిగా తల్లకిందులు చేసి స్కోరు చేసిన జట్టే తప్పనిసరిగా తన్నాలనడం కన్నా, పాయింట్లు ఇచ్చుకున్న జట్టుకు ఎంపిక ఇవ్వడమే మెరుగన్నది ఇందుకే. కిక్ ఆఫ్ తన్నడంలోనూ లాభం ఉందనే కోచ్‌ల మాట నిజమే. పది మీటర్లు దాటేలా చిన్నగా తన్ని బంతిని తామే తిరిగి పట్టుకునే ప్రయత్నాలు ఈమధ్య ఎక్కువయ్యాయి కూడా. కానీ అవి తప్పితే ప్రత్యర్థి దాడి మైదానం నడిమధ్య నుంచే మొదలవుతుంది. వెనకబడ్డ జట్టుకు జూదమొక్కటే దారి కాకూడదు. ఎంపిక ఉంటే జూదమాడాలనుకున్నవాళ్లు ఆడతారు, మిగతావాళ్లు తమ వంతు తాము తీసుకుంటారు.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. మహిళల ఆటలో ఏకపక్ష ఫలితాలకు కారణం జట్ల మధ్య ఉన్న అంతరమే తప్ప కిక్ ఆఫ్ కాదని కొందరంటారు. 2022 నవంబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా 54-4తో న్యూజిలాండ్‌ను చిత్తు చేసింది. 2025 ఆరిజిన్‌లో న్యూ సౌత్ వేల్స్ తొలి రెండు మ్యాచ్‌లను 32-12, 26-6తో గెలిచింది. ఈ తేడాలన్నీ కిక్ ఆఫ్ వల్లనే వచ్చాయనడం అసంబద్ధం. శిక్షణ, జీతాలు, ఆడే మ్యాచ్‌ల సంఖ్య, ఎంచుకోవడానికి ఉన్న క్రీడాకారిణుల సంఖ్య, ఇవీ అసలు కారణాలు. అయినా 54 పాయింట్లు రావాలంటే తక్కువలో తక్కువ తొమ్మిదిసార్లు స్కోరు చేయాలి. సగం ఆట, పూర్తి ఆట ముగిసే క్షణాలు మినహాయిస్తే, స్కోరు చేసిన ప్రతిసారీ బంతి తిరిగి వాళ్లకే వెళ్లింది. కిక్ ఆఫ్ ఆ అంతరాన్ని పుట్టించలేదు, కానీ దానికి తోడు పోయింది. బలహీన జట్టు బలపడాలంటే బంతితో ఆడాలి. అంతర్జాతీయ స్థాయిలో ఏడాదికి కొద్ది మ్యాచ్‌లే దొరికే మహిళల జట్లకు బంతితో గడిపే ప్రతి నిమిషమూ ఒక పాఠం.

ప్రయోగం ఎక్కడ?

మంచి నియమమైనా తొందరపడి తెస్తే ఏమవుతుందో కూడా ఈ ఆటే చూపించింది. కరోనా వల్ల ఆగిన సీజన్ 2020 మే 28న తిరిగి మొదలైనప్పుడు ఎన్‌ఆర్‌ఎల్ 'సిక్స్ అగైన్' తెచ్చింది. పట్టుబడ్డ ఆటగాణ్ని లేవనీయకుండా తాత్సారం చేస్తే రిఫరీ ఆట ఆపి పెనాల్టీ ఇచ్చే బదులు, చేయెత్తి ట్యాకిళ్ల లెక్కను మళ్లీ మొదటికి తెస్తాడు. ఆట ఆగదు, దాడి చేసేవాళ్లకు కొత్తగా ఆరు దొరుకుతాయి. వేగం పెరిగిందని జనం మెచ్చుకున్నారు. 2021లో రక్షణ జట్టు పది మీటర్లు వెనక్కి తగ్గని తప్పులకూ దాన్ని విస్తరించారు. ఆ సీజన్‌లో భారీ తేడాల ఓటములు ఎక్కువయ్యాయన్న విమర్శ వచ్చింది. అలిసిపోయిన జట్టు మీద కొత్త ఆరుల వర్షం కురుస్తుంటే ఊపిరి తీసుకునే వీలేదీ? పైగా రక్షణ జట్టు దీన్నొక ఎత్తుగడగానూ వాడుకుంది. ప్రత్యర్థి తన గోల్ గీత దగ్గరే ఉన్నప్పుడు కావాలని తప్పు చేస్తే పోయేదేముంది, ఒకటి రెండు ట్యాకిళ్లు. 2022లో నియమాన్ని సవరించి, దాడి జట్టు తన వైపు 40 మీటర్లలోపు ఉండగా జరిగే తప్పులకు పాత పెనాల్టీనే తిరిగి తెచ్చారు. వంతుల లెక్కను కదిపితే దాని ఫలితం కాగితం మీద కనిపించదు, సీజన్ల తరబడి ఆడితేనే బయటపడుతుంది.

అందుకే ప్రయోగానికి ఆరిజిన్ సరైన చోటు కాదు. ఏడాదికి మూడు మ్యాచ్‌లు. ఒకటి వానలో, ఒకటి పొడి మైదానంలో, ఒకటి సిరీస్ తేలిపోయాక జరిగితే, ఆ మూడింటి నుంచి కిక్ ఆఫ్ గురించి ఎవరైనా ఏం తేల్చగలరు? మహిళల క్లబ్ లీగ్ ఎన్‌ఆర్‌ఎల్‌డబ్ల్యూ 2018లో నాలుగు జట్లతో మొదలై 2025 నాటికి 12 జట్లకు చేరింది. ఒక్కో జట్టు 11 మ్యాచ్‌లు ఆడితే లీగ్ దశలోనే 66 అవుతాయి. ట్రై తర్వాత ఎవరికి బంతి దక్కింది, తర్వాతి పది నిమిషాల్లో ఎవరు స్కోరు చేశారు, కెప్టెన్లు ఏది ఎంచుకున్నారు, గాయాలు పెరిగాయా తగ్గాయా అన్నవి చూడటానికి అదే తగిన సంఖ్య. ఎన్‌ఆర్‌ఎల్ పురుషుల సీజన్ ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లు మరింత అనువైనవి, అక్కడ పాయింట్ల పట్టికకు నష్టం లేదు. ముందు మహిళల మీద వేసి చూద్దాం, పనికొస్తే పురుషులకు తెద్దాం అన్న ఆలోచనలో చులకన దాగి ఉంది. సిరీస్‌కు మూడో మ్యాచ్ కోసం 2024 దాకా ఎదురుచూసిన క్రీడాకారిణులకు, మిగతా అందరికీ ఉన్నట్టే, ముందే తెలిసిన నిలకడైన నియమాల కింద తమ రాష్ట్రం కోసం ఆడే హక్కుంది.

దీనికి ఎదురు వాదనా ఉంది. కొత్త ఆట కాబట్టి మహిళల ఆటకు సంప్రదాయపు సంకెళ్లు తక్కువ, మార్పుకు అదే అనువని కొందరు సదుద్దేశంతోనే అంటారు. మహిళల ఆట పురుషుల ఆటకు నకలు కానక్కర్లేదన్నది ఒప్పుకోదగ్గ మాటే. ఆ స్వేచ్ఛ క్రీడాకారిణులది అయితే అది స్వేచ్ఛే. నియమాల సంఘంలో వాళ్ల ప్రతినిధులు కూర్చుని, క్లబ్ సీజన్ లెక్కలు చూసి, 70 నిమిషాల ఆటకు ఇదే బాగుందని తేల్చుకుంటే, పురుషుల కన్నా ముందే వాళ్లు మార్చుకోవచ్చు. సంప్రదాయం పేరుతో ఆపడానికి కూడా ఎవరికీ అర్హత లేదు. జట్టులో సంఖ్యను, ట్యాకిళ్ల లెక్కను, ట్రై విలువను సైతం మార్చుకున్న ఆట ఇది. 1983 దాకా ట్రైకి మూడు పాయింట్లే. కిక్ ఆఫ్ ఒక్కటే చెక్కుచెదరకుండా ఉండాలని చెప్పే సంప్రదాయమేదీ ఈ చరిత్రలో కనిపించదు.

కాబట్టి తేలాల్సినవి రెండు. పాయింట్లు ఇచ్చుకున్న జట్టుకు తన్నాలా, అందుకోవాలా అన్న ఎంపిక ఇవ్వడం ఆరు ట్యాకిళ్ల ఆటలో ఉన్న వంతుల న్యాయాన్ని పూర్తి చేస్తుంది. ఒక్కో వంతూ ఎక్కువ విలువైన మహిళల ఆటలో ఆ అవసరం మరీ ఎక్కువ. దాన్ని తెచ్చే దారి మాత్రం క్లబ్ సీజన్ మీదుగా, క్రీడాకారిణుల సమ్మతితో సాగాలి. ఒక సీజన్ మధ్యలో మారకూడదు, ఆరిజిన్ సిరీస్‌లో తొలిసారి పరీక్షకు పెట్టకూడదు. టౌన్స్‌విల్ కూడికను సరిదిద్దడానికి నిర్వాహకులు ఒక్క ఏడాదే తీసుకున్నారు, ఎందుకంటే ఆ అన్యాయం స్కోరు బోర్డు మీద అందరికీ కనిపించింది. కిక్ ఆఫ్‌లో ఉన్న మొగ్గు స్కోరు బోర్డు మీద కనిపించదు. లెక్కలు తీసి చూపించాల్సిన బాధ్యత లీగ్‌ది, అవి వచ్చేదాకా నిర్ణయాన్ని ఆపగల ఓపిక ఉండాల్సిందీ లీగ్‌కే.